‘ఆఫ్రికాలో’ అనకండి, ఏ దేశమో చెప్పండి

మండల వనరుల కేంద్రంలో రెండు రోజుల శిక్షణ. వచ్చినవాళ్లు ముప్పై నలుగురు, అందరూ సోషల్ చెప్పేవాళ్లే. హాజరు సంతకాలు, టీ అయ్యాక తలా ఒక తెల్ల కాగితం ముక్క ఇచ్చాను. “ఆఫ్రికా అనగానే మీ మనసుకు తట్టే ఐదు మాటలు రాయండి. పేరు రాయనక్కర్లేదు” అన్నాను.

కాగితాలు పోగుచేసి ఒక్కొక్కటే చదువుతూ బోర్డు మీద గీతలు పెట్టుకుంటూ పోయాను. సింహం, అడవి, కరువు, ఆకలి, నలుపు, ఎడారి, బానిసలు. పైన ఉన్నవి ఇవే. నైలు నది, కిలిమంజారో, సహారా కూడా బాగానే వచ్చాయి, డీఎస్సీకి చదివిన జ్ఞాపకం అంత తొందరగా పోదు. నెల్సన్ మండేలా పేరు ఐదు కాగితాల్లో ఉంది. ఒక్క ఊరి పేరు లేదు. కైరో, లాగోస్, కిన్షాసా, ఒక్కొక్కటి కోటి జనాభా దాటిన మహానగరాలు. అయినా ఆ గదిలో ఎవరి మనసులోనూ ఆ ఖండం మీద ఒక వీధి గాని, బడి గాని, బస్టాండు గాని లేవు.

చివరి కాగితంలో ఐదు మాటలకు బదులు ఒక్క వాక్యం ఉంది: “మా మనవరాలు అక్కడ రెండో తరగతి చదువుతోంది.”

ఎవరు రాశారని అడిగాను. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. పేరు రాయనక్కర్లేదని చెప్పింది నేనే కాబట్టి రెట్టించలేదు. కాగితం మడిచి నా డైరీలో పెట్టుకున్నాను.

ఈ శిక్షణను నేనెందుకు ఇంత పట్టుదలగా తీసుకున్నానో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, బడి వార్షికోత్సవానికి ‘ప్రపంచ నృత్యాలు’ అని ఒక అంశం తయారుచేశాను. అందులో ‘ఆఫ్రికా నృత్యం’ ఒకటి. ఆకులతో పావడాలు, చేతుల్లో వెదురు బల్లేలు, ఒంటికి బొగ్గుపొడి. ఏ దేశం వాళ్ల నృత్యమో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా తోచలేదు. పిల్లలకు బొగ్గు పూస్తున్నప్పుడు మూడో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి వంతు వచ్చింది. పక్కనుంచి ఎవరో “దీనికి అక్కర్లేదులే” అన్నారు. అందరూ నవ్వారు. నేను వాళ్లను ఆపలేదు. ఆ పిల్ల ఆ రోజు నృత్యం చేసింది. తర్వాత రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వచ్చి ముందుకంటే వెనక బెంచీలో కూర్చుంది.

దూరదేశాల పాఠం దూరంగా ఉండదని నాకు తెలిసింది అప్పుడే. ఎక్కడో ఉన్న మనుషుల గురించి మనం ఏమరుపాటుగా అనే మాట, మన ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఒకరి మీద వచ్చి పడుతుంది. ఆ అమ్మాయికి ఇప్పుడు పెళ్లయి పిల్లలున్నారు. ఆ పిల్లలు కూడా ఎక్కడో ఒక బడిలో ఈ పాఠమే వింటారు. ఎలా చెబుతారో ఆ టీచరు చేతిలో ఉంటుంది.

శిక్షణకు వద్దాం. మొదటి పూట ఒకే ఒక్క నియమం పెట్టాను. ఈ రెండు రోజులూ ఎవరూ ‘ఆఫ్రికాలో’ అనకూడదు. అన్నవాళ్లను పక్కవాళ్లు “ఏ దేశం?” అని అడగాలి. ఐక్యరాజ్యసమితి సభ్యత్వం ఉన్న దేశాలే అక్కడ 54 ఉన్నాయి. ‘ఆసియాలో పెళ్లిళ్లు ఇలా చేస్తారు’ అని ఎవరైనా రాస్తే మనం ఒప్పుకోం కదా, జపాన్ పెళ్లా, మన నెల్లూరు పెళ్లా అని అడుగుతాం.

తర్వాత పటం. గోడకు వేలాడే ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు సమానంగా కనిపిస్తాయి. 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు ఓడలు నడిపేవాళ్ల కోసం గీసిన పద్ధతి అది. దిక్కు తప్పకుండా ఉండేందుకు ధ్రువాల వైపు నేలను సాగదీస్తుంది. ఓడవాళ్లకు మేలు చేసింది, మన తరగతి గదికి మాత్రం కీడే చేసింది. గ్లోబు మీద పలచని కాగితం పరిచి ఆఫ్రికా, భారతదేశం, గ్రీన్‌లాండ్ ఆకారాలు గీసుకుని, కత్తిరించి, ఒకదానిపై ఒకటి పరచమన్నాను. కాగితాలకు జిగురు, చేతులకు జిగురు, గదిలో ఒకటే గోల. భారతదేశాలు తొమ్మిది సరిపోయాయి. గ్రీన్‌లాండ్‌లు పధ్నాలుగు. ఇరవై ఏళ్లుగా విస్తీర్ణం అంకెలు పిల్లలతో వల్లె వేయిస్తున్న ఒక సార్ తొమ్మిదో ముక్క అంటించి చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు.

మధ్యాహ్నం భోజనానికి ముందు నాలుగు పొట్లాలు విప్పాను. జొన్నలు, సజ్జలు, రాగులు, అలసందలు. అన్నీ మా ఇంటి డబ్బాల్లోవే. “ఇవి ఎక్కడివి?” అంటే “మనవే” అన్నారు అందరూ. “ఇవన్నీ వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చాయి” అన్నాను. వెనకనుంచి ఒకావిడ వెంటనే “ఏ దేశం, మేడమ్?” అన్నారు. నా నియమానికి మొదట దొరికింది నేనే. సరిచేసుకుని చెప్పాను. జొన్నను మొదట సాగులోకి తెచ్చింది ఇప్పటి సూడాన్ ప్రాంతంలో. సజ్జ పుట్టిల్లు మాలీ వైపు. రాగి ఇథియోపియా, ఉగాండా ఎత్తు నేలలది. అలసంద విషయంలో పశ్చిమాన ఘానా దగ్గర చాలా పాత గింజలు దొరికాయి. రాయలసీమ సంగటి ముద్ద వెనక ఎవరో ఇథియోపియా రైతు చేతి కష్టం ఉందని తెలిసినప్పుడు, అక్కడివాళ్లు ఆకలి బొమ్మల్లోని మనుషులు మాత్రమే అనుకోవడం కుదరదు. వాళ్లు మనకు తిండి పెట్టినవాళ్లు కూడా.

అప్పుడు ఒక యువ ఉపాధ్యాయుడు లేచి కాస్త కోపంగానే అడిగారు. “అయితే కరువు, ఆకలి అబద్ధమంటారా, మేడమ్? 1984లో ఇథియోపియా కరువు జరగలేదా?” మంచి ప్రశ్న. జరిగింది, లక్షల మంది పోయారు, దాచకూడదు. నేను ఆయన్ని ఇంకొకటి అడిగాను. గుంటూరు సీమలో 1832-33లో వచ్చిన నందన కరువు గురించి మీకు తెలుసు. జనం పిట్టల్లా రాలిపోయారు. ఎక్కడో ఒక దేశంలో పిల్లలకు మన గురించి పుస్తకంలో ఉన్నది ఆ ఒక్క పేజీ మాత్రమే అయితే? ఆయన కూర్చున్నారు. ఒప్పుకున్నారో లేదో తెలియదు, ఆలోచించారని మాత్రం ముఖంలో కనిపించింది. కరువు చెప్పాలి. ఎందుకు వచ్చింది, ఆ రోజుల్లో అక్కడ జరుగుతున్న యుద్ధం దాన్ని ఎంత పెంచింది, ఇవన్నీ చెప్పాలి. కారణం లేకుండా చెప్పిన కరువు ఆ నేల స్వభావంలాగా పిల్లల మనసులో మిగిలిపోతుంది.

భోజనాల దగ్గర, పప్పు వడ్డించుకుంటుండగా, ఇంకో ఏడాదిలో పదవీ విరమణ చేయబోతున్న ఒక మాస్టారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. “ఆ కాగితం నాదేనమ్మా” అన్నారు నెమ్మదిగా. వాళ్లమ్మాయి, అల్లుడు టాంజానియాలో, దార్ ఎస్ సలామ్‌లో ఉంటారట. ఆరేళ్లయింది. వారానికి మూడుసార్లు ఫోనులో మాట్లాడతారు, ఒకసారి వెళ్లి నెల్లాళ్లు ఉండి వచ్చారు కూడా. “మరి పొద్దున చెప్పలేదేం మాస్టారూ?” అంటే ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. “అది ఇంటి విషయం కదమ్మా. పాఠం కాదు కదా.”

ఏడో తరగతికి ఆఫ్రికా పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటారు? ఆరేళ్లుగా ప్రతి ఏడూ. తన కూతురు కూరగాయలు కొనుక్కునే ఊరు ఉన్న ఖండం గురించి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపిస్తూ వచ్చారు. పుస్తకంలో లేనిది జ్ఞానం కాదని మనకు మన చదువే నేర్పింది. ఉపాధ్యాయుల్ని తయారుచేయడం అంటే ఇంకో నాలుగు విషయాలు ఎక్కించడం అనుకునేదాన్ని. వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని బయటికి తీయాలని, దానికి తరగతి గదిలో చోటు ఉందని వాళ్లకు నమ్మకం కలిగించాలని ఆ రోజు ఆ పప్పు గిన్నె దగ్గర నాకు బుద్ధి వచ్చింది.

మధ్యాహ్నం నేను రాసుకున్న పథకం పక్కన పెట్టాను. ఖండం వదిలేసి టాంజానియా ఒక్కటే తీసుకున్నాం. మాస్టారిని ముందుకు పిలిచాను. ఆయన మొదట తడబడ్డారు. “ఏం చెప్పాలి?” అన్నారు. “మీ మనవరాలు పొద్దున లేచిన దగ్గరనుంచి చెప్పండి” అన్నాను.

“బడి బస్సు పొద్దున రెండింటికి వస్తుంది” అన్నారాయన.

గదంతా ఘొల్లున నవ్వింది. మాస్టారు నవ్వలేదు. బోర్డు దగ్గరికి వెళ్లి సుద్దముక్కతో గుండ్రంగా గడియారం గీశారు. చిన్న ముల్లు ఎనిమిది మీద పెట్టారు. “మనం దీన్ని ఎనిమిది అంటాం. అక్కడి భాష స్వాహిలీలో దీన్ని ‘సా మ్బిలి’ అంటారు. మ్బిలి అంటే రెండు. గడియారాలు మనవిలాగే ఉంటాయి, ముల్లూ ఎనిమిది మీదే ఉంటుంది. కానీ వాళ్లు లెక్కపెట్టేది పొద్దు పొడిచిన దగ్గరనుంచి. ఆరింటికి పొద్దు పొడుస్తుంది. గంట గడిస్తే ఒకటి. అంటే మన ఏడు. రెండు గంటలు గడిస్తే రెండు. మన మధ్యాహ్నం పన్నెండు వాళ్లకు ఆరు. సాయంత్రం పొద్దు కూకాక మళ్లీ ఒకటి మొదలు.” ముల్లుకు ఎదురుగా ఉన్న అంకె చదివితే చాలని మనవరాలే ఆయనకు నేర్పిందట. ఆ పిల్లకు బస్సు డ్రైవరు నేర్పాడట.

నేను ఇరవై ఏళ్లకు పైగా భూమధ్యరేఖ గురించి చెబుతున్నాను. ఆ బోర్డు ముందు నిలబడి ఉన్నంతసేపూ అది నాకు కొత్తగా అర్థమవుతూనే ఉంది. దార్ ఎస్ సలామ్ దక్షిణ అక్షాంశం ఏడు డిగ్రీలకు దగ్గరలో ఉంది. ఏడాదిలో అతి పొడవైన పగటికి, అతి పొట్టి పగటికి తేడా అక్కడ ముప్పావు గంట. మా ఒంగోలులో రెండు గంటలకు కాస్త తక్కువ. లండన్‌లో ఎనిమిది గంటలు దాటుతుంది. పొద్దు దాదాపు ఒకే వేళకు పొడిచే చోట పొద్దునుంచి గంటలు లెక్కపెట్టుకోవడం ఎంత సహజం! లండన్‌లో అలా లెక్కపెడితే బడి గంట నెలనెలా మారిపోవాలి. అక్షాంశాల పాఠం, సంస్కృతి పాఠం వేర్వేరు పీరియడ్లలో చెప్పుకుంటూ వచ్చాం, అవి రెండూ ఒక్క గడియారంలో ఉన్నాయి. మన పెద్దలు ఘడియలు లెక్కపెట్టింది కూడా సూర్యోదయం నుంచే కదా అని ఒక తెలుగు మాస్టారు అందుకున్నారు. ఆయన సోషల్ చెప్పరు, ఆ రోజు పక్క గదిలో పని ఉండి వచ్చి మా గుమ్మంలో నిలబడి వింటున్నారు.

తర్వాత ఇక ఎవరినీ ఆపలేకపోయాను. మాస్టారు ఒక్కో మాట చెబుతుంటే బోర్డు నిండిపోయింది. డబ్బును స్వాహిలీలో ‘పెసా’ అంటారు, మన పైసానే. కొట్టు ‘దుకా’. లక్ష ‘లకి’. బీమా ‘బిమా’. చపాతీ చపాతీయే. అరబ్బు వర్తకుల నుంచి పుస్తకానికి ‘కితాబు’ వచ్చింది. బడి ‘షులే’. ఇది ఎక్కడిది? ఎవరికీ తట్టలేదు. జర్మన్ మాట. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ నేలను జర్మన్లు ఏలారు, తర్వాత బ్రిటిష్‌వాళ్లు వచ్చారు. స్వాహిలీ పునాది మాత్రం అక్కడి స్థానిక కుటుంబమైన బంటూ భాషలది, దాని మీద సముద్రం దాటి వచ్చినవాళ్లంతా తలా ఒక మాట వదిలి వెళ్లారు. ‘స్వాహిలీ’ అన్న పేరే అరబ్బీలో తీరం అనే మాట నుంచి వచ్చింది. వలస పాలన గురించి రెండు పేజీలు చదివించడం కంటే ‘షులే’ అన్న ఒక్క మాటను పిల్లల చేతికిచ్చి ‘ఇది ఇక్కడికి ఎలా వచ్చింది’ అని అడగడం మేలని ఆ రోజునుంచి నేను గట్టిగా నమ్ముతున్నాను.

టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే. 1961లో టాంగన్యీకా స్వతంత్రమైంది, 1964లో జాంజిబార్‌తో కలిసి టాంజానియా అయింది. ఇవి పుస్తకాల్లో ఉంటాయి. అక్కడి జనం ఆయన్ను ‘మ్వాలిము’ అని పిలుచుకుంటారని, ఆ మాటకు అర్థం ఉపాధ్యాయుడని, ఆయన నిజంగానే బడిపంతులుగా పనిచేశారని చెప్పినప్పుడు గదిలో ముప్పై నలుగురి వీపులూ నిటారుగా అయ్యాయి. అక్కడ ప్రాథమిక విద్య ప్రభుత్వ బడుల్లో స్వాహిలీలో, పై తరగతులు ఇంగ్లీషులో. ఇక చెప్పేదేముంది, మాధ్యమం గురించి వాదన మొదలై టీ చల్లారిపోయింది. టాంజానియా ఉపాధ్యాయులు కూడా ఇదే విషయం మీద కొట్లాడుకుంటారని తెలిసి ఒకావిడ “అయితే వాళ్లకీ మనకున్న తలనొప్పే” అన్నారు. ఒక దేశం మనుషులు మనకు అర్థమవడం మొదలయ్యేది వాళ్ల తలనొప్పులు తెలిసినప్పుడే అని నాకనిపిస్తుంది.

రెండో రోజు పాఠ్య పథకాలు రాశారు. ఇక్కడ నాకు నచ్చని సంగతి ఒకటి జరిగింది, అది కూడా చెప్పాలి. ఉత్సాహంలో చాలామంది ‘వాళ్లూ మనలాంటివాళ్లే’ అనే వైపు కొట్టుకుపోయారు. ఇథియోపియాలో తినే ఇంజెరా మన దోసెలాంటిదే అని ఒకరు రాసి అక్కడితో ఆపేశారు. పిండి పులియబెడతారు, పెనం మీద పోస్తారు, నిజమే. కానీ అది టెఫ్ అనే సన్నని గింజతో చేసేది, పెద్ద పళ్లెం అంత వెడల్పుగా పరిచి దాని మీదే కూరలు వడ్డించుకుని, చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో అందరూ తుంచుకు తింటారు. ఆ దేశపు క్యాలెండరులో పదమూడు నెలలు. మన లెక్క కంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. వీటికి మన దగ్గర జోడు వెతకనక్కర్లేదు. పోలిక గుమ్మం దాకా తీసుకెళ్తుంది, లోపలికి పోయాక అక్కడున్నది ఉన్నట్టు చూడాలి. అన్నిటినీ దోసె చేసేస్తే మళ్లీ మనల్ని మనమే చూసుకున్నట్టు. ఈ మాట గట్టిగానే అన్నాను, ఒకరిద్దరు నొచ్చుకున్నారు. అయినా వెనక్కి తీసుకోను.

ఇంకో భయం ఉంది, అది అందరిదీ. “పిల్లలు మాకు తెలియనిది అడిగితే?” ఫోనులో వెతకడం వచ్చిన పిల్లల ముందు ఆ భయం ఇంకా పెరిగింది. దానికి నేను సాధన చేయించాను. ఒకరు పిల్లవాడిలా లేచి ప్రశ్న అడగాలి, ఇంకొకరు “నాకు తెలియదు, రేపటికి నువ్వొకటి నేనొకటి వెతుక్కొద్దాం” అనాలి. అంత చిన్న వాక్యం పలకడానికి పెద్దపెద్ద అనుభవజ్ఞులకు నోరు రాలేదు. మూడుసార్లు చెప్పించాను. ఎలా వెతకాలో కూడా చూపించాను. ఫోనులో ఖండం పేరు కొడితే ఏనుగులు, సూర్యాస్తమయాలు వస్తాయి. దార్ ఎస్ సలామ్ అని కొడితే రేవు, మేడలు, 2016 నుంచి రోడ్డు మధ్య ప్రత్యేక దారిలో నడుస్తున్న బస్సులు వస్తాయి. విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు చూసినవాళ్లకు ఆ బస్సుల దారి వెంటనే అర్థమైంది. రాజధాని మాత్రం డొడోమా, అది మరిచిపోవద్దు.

“ఇంత సమయం ఎక్కడిది మేడమ్, సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు, మార్కులు ఎవరు ఎక్కిస్తారు” అని అడిగినవాళ్లు లేకపోలేదు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. నేను ఎక్కువ పీరియడ్లు అడగడం లేదు. దేశాలు-రాజధానులు వల్లె వేయించే రెండు పీరియడ్లు మానేసి, ఆ సమయం ఒక్క దేశానికి ఇమ్మంటున్నాను. ఏ దేశమైనా సరే. మన ఊరినుంచి ఎవరైనా వెళ్లి ఉన్న దేశమైతే ఇంకా మంచిది. కోస్తా ఊళ్లలో వెతికితే ఓడల్లో పనిచేసేవాళ్లో, గనుల్లో ఇంజనీర్లో, ఎవరో ఒకరు దొరుకుతారు.

నాలుగు నెలల తర్వాత మాస్టారి బడికి వెళ్లాను. తీరం దగ్గర ఊరు. ఏడో తరగతి. నల్లబల్ల మీద అదే గుండ్రటి గడియారం, పక్కన కిటికీలోంచి ఉప్పుగాలి. ఆయన పాఠం చెప్పడం లేదు, పిల్లలే ఒకరినొకరు అడుగుతున్నారు. పొద్దున ప్రార్థన ఎన్నింటికి? మధ్యాహ్న భోజనం ఎన్నింటికి? ముల్లుకు ఎదురుగా వేలు పెట్టి టకటకా చెప్పేస్తున్నారు. వెనక వరసలో ఒక చిన్న పిల్ల, జడకు ఎర్ర రిబ్బను, వేళ్లు మడుచుకుంటూ తనలో తనే లెక్క వేసుకుంటోంది. చాలాసేపటికి చెయ్యి ఎత్తింది.

“సార్, మా అమ్మ రొయ్యల కంపెనీ నుంచి ఇంటికి వచ్చేది రాత్రి రెండింటికి.”

మాస్టారు గడియారం వైపు చూసి, “సా మ్బిలి” అన్నారు. ఆ పిల్ల ఆ మాట ఒకసారి పెదాలతో అనుకుని, నోటు పుస్తకంలో అమ్మ పేరు పక్కన రాసుకుంది.